కస్తూరీ లేదు, ఎద్దూ కాదు

మార్చి 27, 2011. ఫెయిర్‌బ్యాంక్స్

ముప్ఫై ఒక్క ఏళ్ళు బొబ్బిలి ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. చూడని జంతువుల గురించి చూసినట్టే చెప్పాను. ధ్రువపు ఎలుగుబంటి, పెంగ్విన్, రెయిన్‌డీర్. బోర్డు మీద బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టేదాన్ని. ఇవాళ మొదటిసారి సిగ్గేసింది.

నేను వచ్చి పది రోజులైంది. అలాస్కా అంటే ఇంత తెల్లగా ఉంటుందని ఊహించలేదు. ఇంట్లో విసుగ్గా ఉందంటే మా అబ్బాయి అమర్ కారులో ఊరి బయట ఒక ఫారానికి తీసుకెళ్ళాడు. కంచె అవతల మంచులో పెద్ద పెద్ద గడ్డివాములు కనిపించాయి. అంతలో ఒక గడ్డివాము తల తిప్పి నన్ను చూసింది.

మస్క్ ఆక్స్. జుట్టు భుజాల మీంచి జారి మడమల దాకా వేలాడుతోంది. నుదురంతా ఒకటే కొమ్ము, మధ్యలో పాపిట తీసినట్టు చీలి, రెండు చెంపల పక్కనుంచి కిందికి దిగి, మొనలు మళ్ళీ పైకి లేచాయి. ఊపిరి వదిలితే ఆవిరి, ఆ ఆవిరే గడ్డం మీద మంచుపూసలై కట్టింది. కదల్లేదు. నేనూ కదల్లేదు. అమర్ "అమ్మా, కాళ్ళు ఫ్రీజ్ అవుతాయి, పద" అనేదాకా నాకు చలి తెలియలేదు.

కోడలు రజిని ఊళ్ళో లేదు. దేశానికి అటు చివర హెర్న్‌డన్‌లో వాళ్ళ పిన్ని కూతురు రష్మి దగ్గర ఏదో ట్రైనింగ్ అట. నేను వచ్చేసరికే వెళ్ళిపోయింది. ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లకి ట్రైనింగ్ ఏమిటని అడగబోయి ఊరుకున్నాను. మొగుడూ పెళ్ళాల సంగతులు వాళ్ళకే తెలుస్తాయి.

మార్చి 29

రజిని ఫోన్ చెయ్యలేదు. ట్రైనింగ్‌లో తీరిక ఉండదు.

ఏప్రిల్ 4

ఫారం నడిపేది రూత్ అనే ఆవిడ. నా ఈడుదే. భర్త లేడు, నాలాగే. బయాలజీ టీచర్నని చెప్తే మరుమాట లేకుండా చేతికి చీపురూ బకెట్టూ ఇచ్చింది. వారానికి నాలుగు రోజులు. పొద్దున అమర్ దింపుతాడు, సాయంత్రం రూత్ దింపుతుంది.

నోట్సు రాసుకోవడం పాత అలవాటు కాబట్టి రాస్తున్నాను.

వీటి పేరులో రెండు అబద్ధాలు ఉన్నాయి. వీటి ఒంట్లో కస్తూరి గ్రంథి లేదు. ఇవి ఎద్దులూ కావు, గొర్రెకీ మేకకీ దగ్గర చుట్టాలు. ఇక్కడి మూలవాసులు మాత్రం ఉమింగ్‌మాక్ అంటారట. గడ్డపుది అని అర్థం. చూసిన వాళ్ళు పెట్టిన పేరు అది.

చలికాలంలో ఇవి పరుగెత్తవు. వలస పోవు. గాలికి మంచు ఎగిరిపోయి పల్చబడ్డ చోటు వెతుక్కుని అక్కడే నిలబడతాయి. గిట్టతో మంచు తవ్వి ఎండుగడ్డి తింటాయి. అడుగు తీసి అడుగు వెయ్యడానికి కూడా లెక్క ఉంటుంది వాటికి. ఉన్న కొవ్వుతో వసంతం దాకా నెట్టుకురావాలి. "వాటి రహస్యం ఏమిటి?" అని అడిగాను రూత్‌ని. "ఓపిక. అంతే," అంది.

ఓపిక గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు అనుకున్నాను.

ఒకప్పుడు అలాస్కాలో ఒక్కటి కూడా మిగల్లేదట. ప్రమాదం వస్తే ఇవి పారిపోవు, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని చుట్టూ నిలబడతాయి. తోడేలు ముందు అది బ్రహ్మాండమైన ఉపాయం. తుపాకీ ముందు కాదు. నిలబడ్డవాటిని నిలబడ్డట్టే కాల్చేశారు. తర్వాత 1930లో గ్రీన్‌లాండ్ నుంచి ముప్ఫై నాలుగింటిని ఓడ మీదా రైలు మీదా ఈ ఊరికే తెచ్చారు. ఇప్పుడు ఈ రాష్ట్రంలో ఉన్నవన్నీ వాటి సంతానమే.

ఏప్రిల్ 16

ఇవాళ చూసింది రాయాలంటే నా తెలుగు చాలదేమో.

పొద్దున మైనస్ పన్నెండు. ఐదో నంబరు ఆవు (ఆవు అనే అంటున్నాను, ఇంకేమనను) మందకి దూరంగా వెళ్ళి నిలబడింది. రూత్ నా చెయ్యి పట్టుకుని గోడ వెనక్కి లాగి, "మాట్లాడకు," అంది. గంటసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ జుట్టు తెర వెనక నుంచి ఒక నల్లటి ముద్ద మంచులోకి జారింది. పొగలు కక్కుతోంది. నిజంగా పొగలు! అమ్మ కడుపులోని వెచ్చదనం నుంచి మైనస్ పన్నెండులోకి, తడి ఒంటితో. యాభై డిగ్రీల తేడా. 

తల్లి వెనక్కి తిరిగి నాకడం మొదలుపెట్టింది. హడావుడి లేదు, ఆలస్యమూ లేదు. ముక్కు, చెవులు, వెన్ను. పది నిమిషాల్లో దూడ వణకడం మొదలుపెట్టింది. "వణకడం మంచిదే," అంది రూత్. ఇరవై నిమిషాలకి ముందుకాళ్ళు మోపి లేవబోయి బోర్లా పడింది. మళ్ళీ లేచి మళ్ళీ పడింది. నేను లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు. పదోసారి నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జాపి నిలబడి, వెంటనే తల్లి పక్కనున్న జుట్టు తెరలోకి దూరిపోయింది. బయటికి తోక కూడా కనిపించలేదు. తల్లి పొట్ట కింద ఒక వెచ్చటి గది ఉందన్నమాట.

నేను ఏడుస్తున్నాను. కన్నీళ్ళు చెంప మీదే గట్టిపడ్డాయి. రూత్ తన గ్లవ్‌తో తుడిచింది.

ఏప్రిల్ 17

దూడ సంగతి చెప్తే అమర్ చాలా సంతోషించాడు. చిన్నప్పటిలా మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు. రాత్రి భోజనం దాకా బాగానే ఉన్నాడు. రజినికి కూడా చెప్దామని వాడి ఫోన్ తీసుకుని నంబరు వెతుకుతుంటే లాక్కున్నాడు. "నా ఫోన్ ఎందుకు టచ్ చేస్తున్నావ్? ఎవరు చెప్పారు నీకు?" అని అరిచాడు. గిన్నె కింద పడింది. వాడు పడేశాడో, తగిలి పడిందో నేను చూడలేదు.

తర్వాత సారీ చెప్పాడు. వాడు పనిచేసే ఆస్పత్రిలో కొత్త కంప్యూటర్ సిస్టమ్ పెడుతున్నారట. పని ఒత్తిడి.

గొంతు మాత్రం అచ్చం వాళ్ళ నాన్నదే.

ఏప్రిల్ 18

పని ఒత్తిడి.

మే 7

మంచు కరుగుతోంది. జంతువులు లోపలి ఉన్ని వదులుతున్నాయి. పైజుట్టు కింద ఇంకో కోటు ఉంటుంది, దాన్ని కివియుట్ అంటారు. చలికాలమంతా కాపాడి, వసంతం రాగానే దానంతట అదే ఒంటి నుంచి విడిపోతుంది. వెడల్పాటి దువ్వెనతో మెల్లగా లాగితే పొగ వచ్చినట్టు వస్తుంది.

ఐదో నంబరుని చెక్క చట్రంలోకి పంపి నాకు దువ్వెన ఇచ్చారు. భయపడుతూ భుజం మీద పెట్టాను. కింద కండరం ఒక్కసారి కదిలింది, అంతే. తర్వాత గంటన్నర సేపు అది నాకు ఒళ్ళు అప్పగించి నిలబడింది. నా మునివేళ్ళ మీద ఆ ఉన్ని ఉందో లేదో కూడా తెలియలేదు, కానీ వేళ్ళు వెచ్చబడ్డాయి. కంటి పాపలు అడ్డంగా ఉన్నాయి, మేకకి ఉన్నట్టు. ఆ కంట్లో నేనూ, కంచే, ఆకాశమూ కనిపించాయి. మంచుయుగంలో ఏనుగులంతటి జంతువుల పక్కన మేసిన జాతి ఇది. అవన్నీ పోయాయి, ఇది ఉంది. ఇది నా చేత దువ్వించుకుంటోంది. నేనెవర్ని?

మే 14

సూపర్‌మార్కెట్‌లో పెరుగు దగ్గర ఒక తెలుగమ్మాయి పలకరించింది. నళిని. ఇక్కడే ఫార్మసీలో పని చేస్తుంది. "అమర్‌నాథ్ గారి అమ్మగారా ఆంటీ?" అంది. అవునన్నాను. "రజినికి కాలు ఎలా ఉంది?" అంది.

కాలేమిటన్నాను.

ముఖం పాలిపోయింది ఆ పిల్లకి. "మీకు చెప్పలేదా? సారీ ఆంటీ, నేను అనకుండా ఉండాల్సింది."

"అన్నావు కదా. పూర్తిగా చెప్పు," అన్నాను. టీచరు గొంతుతోనే అన్నాననుకుంటాను. చెప్పింది.

జనవరిలో. మైనస్ ముప్ఫై ఎనిమిది. ఏదో గొడవ. వాడు దాన్ని బయటికి నెట్టి తలుపు గడియ పెట్టాడు. ఒంటి మీద స్వెటరూ, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులూ. నళిని వాళ్ళ ఇల్లు అర మైలు దూరం. అక్కడిదాకా నడిచి వచ్చింది. చలికి చచ్చుపడ్డ ఎడమ కాలి రెండు వేళ్ళ చివర్లు తీసేశారు. పోలీసులకి చెప్పనంది. నడవగలిగాక రష్మి వచ్చి తీసుకెళ్ళింది.

పెరుగు కొనకుండా వచ్చేశాను.

మే 15

ఇవాళ రాయను.

మే 19

నళినికి కొంచెం పెంచి చెప్పే అలవాటు ఉందేమో. తలుపు గాలికి పడి ఉంటుంది. ఇక్కడి తలుపులు వాటంతటవే లాక్ అవుతాయి, నేనూ ఒకసారి చూశాను.

ఫారంలో పన్నెండు దూడలయ్యాయి.

తలుపు గాలికే పడి ఉంటుంది.

మే 28. కోల్డ్‌ఫుట్

లాంగ్ వీకెండ్ అని అమర్ నెల కిందటే బుక్ చేశాడు. "అమ్మా, ఫారంలోవి కాదు, నిజంగా అడివిలో ఉన్నవాటిని చూపిస్తా," అన్నాడు. మానేద్దామని అనలేకపోయాను. చూడాలని నాకూ ఉంది, అబద్ధం ఎందుకు.

పొద్దుటి నుంచి కంకర రోడ్డు. పక్కనే చమురు గొట్టం. ఇద్దరం పాత సంగతులు మాట్లాడుకున్నాం. ఈ ఒక్క సంగతి తప్ప అన్నీ.

మే 29

కొండ కనుమ దాటగానే చెట్లు లేవు. ఒక్క చెట్టు కూడా లేదు. నేల ఆకాశంలా పరుచుకుంది. మధ్యలో నది, ఒడ్డున ఇంకా మంచు పలకలు. మధ్యాహ్నం పన్నెండున్నరకి అమర్ అద్దెకి తీసుకున్న ట్రక్ ఆపి, "అమ్మా," అన్నాడు, అంతే.

నది అవతల పద్నాలుగు పెద్దవి, మూడు దూడలు. గాలికి వాటి జుట్టు నీళ్ళలా కదులుతోంది. బైనాక్యులర్స్ ఒకరి దగ్గర నుంచి ఒకరం లాక్కుని చూశాం. విల్లో పొదల చిగుళ్ళు మేస్తున్నాయి. ఒక దూడ ఇంకో దూడ నెత్తిన నెత్తి పెట్టి తోస్తోంది, పెద్దయ్యాక చెయ్యబోయే పని నేర్చుకుంటున్నట్టు.

ముందు ఒక ఆవు తలెత్తింది. తర్వాత అన్నీ. పొదల్లోంచి ఎలుగుబంటి వచ్చింది. గోధుమరంగుది, భుజం మీద మూపురంతో.

మంద కొంచెం దూరం పరుగెత్తి మిట్ట ఎక్కింది. అక్కడ ఏ కూతా వినపడలేదు, ఏ సైగా కనపడలేదు, పద్నాలుగూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. వీపులు లోపలికి, కొమ్ములు బయటికి. దూడలు మాయం. నా జీవితంలో పదిసార్లు బోర్డు మీద గీసిన బొమ్మ అది. చుక్కల వలయం, మధ్యలో మూడు చిన్న చుక్కలు. ఆ చుక్కలు ఊపిరి పీలుస్తాయనీ, ముక్కుల్లోంచి బుసలు కొడతాయనీ, ఆ నిశ్శబ్దం నదికి ఇవతల కూర్చున్న మనిషి గుండెని కూడా పట్టేస్తుందనీ నేను ఏ పిల్లకీ చెప్పలేదు. నాకే తెలియదు.

ఎలుగు చుట్టూ తిరిగింది. అది ఎటు తిరిగితే అటువైపు కొమ్ములు కిందికి వంగాయి. పెద్ద పోతు ఒకటి నాలుగు అడుగులు ముందుకి ఉరికి, ముఖాన్ని మోకాలికి రుద్ది, వెనక్కే నడుచుకుంటూ తన చోటికి వెళ్ళిపోయింది. ఆ ఖాళీ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేదు. ఇలా నలభై నిమిషాలు. చివరికి ఎలుగు కూర్చుంది. లేచింది. నది వెంట వెళ్ళిపోయింది, అసలు పని అటే ఉన్నట్టు. ఆ తర్వాత కూడా మంద చాలాసేపు విడిపోలేదు. అప్పుడు ఒక జుట్టు తెర కింద నుంచి దూడ తల బయటపెట్టి, మళ్ళీ పాలకి దూరింది.

నేను చేతులు జోడించి ఉన్నానని అప్పుడు చూసుకున్నాను.

అమర్ కళ్ళు తడిగా ఉన్నాయి. "చూశావామ్మా? ఫ్యామిలీ అంటే అలా ఉండాలి. బయటివాళ్ళు ఎవరొచ్చినా ఒక్కటై నిలబడాలి," అన్నాడు.

"రజిని బయటిదా?" అన్నాను.

వాడు నా వైపు తిరగలేదు.

"ఆ రోజు దాన్ని ఎంతసేపు బయట ఉంచావు?"

"ఎవరు చెప్పారు? నళినేనా?"

"ఎంతసేపు?"

"అమ్మా, నీకు తెలీదు, అది మాటలతో ఎంత ప్రొవోక్ చేస్తుందో. ఏదో కోపంలో డోర్ వేశాను. ఫైవ్ మినిట్స్ అంతే, కూల్ డౌన్ అవుతుందని. ఈలోగా ఆఫీస్ కాల్ వచ్చింది."

"ఎంతసేపు, అమర్?"

ఇంజిన్ ఆగి ఉంది. వాడు తాళంచెవి పట్టుకుని, తిప్పకుండా వదిలేశాడు.

"ఇరవై ఐదు నిమిషాలు," అన్నాడు. "తలుపు తీసేసరికి లేదు."

స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వాడి తల మీద చెయ్యి వెయ్యాలని నా చెయ్యి లేచింది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. తలుపు గాలికి పడలేదు.

మే 30

నాలుగు వందల మైళ్ళు. ఇద్దరం పది మాటలు కూడా మాట్లాడుకోలేదు.

ఇది ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. అమర్‌కి ఏడేళ్ళప్పుడు ఒక వానరాత్రి వాళ్ళ నాన్న నన్ను వరండాలోకి నెట్టి తలుపేశారు. కూరలో ఉప్పు గొడవ. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. కిటికీ ఊచల వెనక అమర్ నిలబడి చూశాడు. మర్నాడు ఏమీ జరగనట్టు వాడికి తల దువ్వి స్కూలుకి పంపాను. ఓపిక అనుకున్నాను దాన్ని. బొబ్బిలిలో చలి మనిషిని చంపదు. తేడా అంతే.

జూన్ 4

రజిని నాలుగోసారికి ఫోన్ ఎత్తింది.

"అత్తయ్యా, సర్దుకుపొమ్మని చెప్పడానికైతే పెట్టేస్తాను," అంది.

"కాదమ్మా. నీకేం కావాలో అడుగుదామని చేశాను."

 పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత, "నా పాస్‌పోర్టు. నా డిగ్రీ సర్టిఫికెట్లు. ఆయన డ్రాయర్‌లో లాక్ చేశారు. అవి లేక ఇక్కడ ఏ పనీ ముందుకి కదలట్లేదు," అంది. ఇంకేమీ అడగలేదు. నన్ను కూడా ఏమీ అనలేదు.

జూన్ 6

పొద్దున కాఫీ తాగుతుంటే డ్రాయర్ తాళంచెవి అడిగాను.

"అవి తీసుకెళ్తే తను ఇంక రాదమ్మా."

"రాకపోవచ్చు."

"నువ్వు నాకు అమ్మవా, దానికా?"

"నీకేరా. ముప్ఫై ఏళ్ళ కిందట నీకు ఒక మాట చెప్పాల్సింది. ఆ రాత్రి నువ్వు కిటికీలోంచి చూశావే, మీ నాన్న చేసిన ఆ పని తప్పని చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. నువ్వు ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఈ కోపం గురించి మాట్లాడు. నేను ఉన్నా లేకపోయినా."

గట్టిగా అరుస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను, బల్లకి ఇవతలే నిలబడ్డాను. వాడు జేబులోంచి తాళాల గుత్తి తీసి, ఒక్కటి విప్పి, బల్ల మీద పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

జూన్ 12. హెర్న్‌డన్

రెండు విమానాలు మారి వచ్చాను. ఇక్కడ ఎండ, చెమట, చెవులు హోరెత్తే పచ్చదనం.

రష్మి వాళ్ళ అపార్ట్‌మెంట్ తలుపు రజినే తీసింది. చిక్కింది. నడుస్తుంటే ఎడమ పాదం కొంచెం ఆలోచించి పడుతోంది. కవరు చేతికిస్తే పాస్‌పోర్టు తెరిచి తన ఫొటో చూసుకుని మూసేసింది. టీ పెట్టింది. నేనే అడిగాను, ఆ రోజు సంగతి చెప్పాలనిపిస్తే చెప్పమని.

"ముందు తలుపు కొట్టాను అత్తయ్యా. తర్వాత మెట్ల మీద కూర్చున్నాను. కూర్చుంటే కాసేపటికి చలి తగ్గినట్టు అనిపించింది, నిద్ర వస్తోంది. అప్పుడు భయమేసింది. ఆయన తలుపు తీస్తారని ఇక్కడే ఉంటే చచ్చిపోతానని అర్థమైంది. లేచి నడిచాను. స్ట్రీట్ లైట్ నుంచి స్ట్రీట్ లైట్‌కి లెక్క పెట్టుకున్నాను. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని. పదిహేడు. పదమూడోదాని దగ్గర ఒక చెప్పు జారిపోయింది. వంగితే మళ్ళీ లేవలేనని వదిలేశాను."

మామూలుగానే చెప్పింది, బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు. నేను టీ తాగలేకపోయాను. చలిలో బతికే ప్రాణుల గురించి దాదాపు మూడు నెలలుగా ఈ పుస్తకం నిండా రాశాను. నా ఎదురుగా ఐదడుగుల పిల్ల ఒకటి కూర్చుని ఉంది, జుట్టు లేదు, కొవ్వు లేదు, మంద లేదు. పదిహేడు దీపాలు నడిచింది. పాదం చూపించమని అడిగాను. సిగ్గుపడుతూ చూపించింది. రెండు చేతుల్లోకీ తీసుకున్నాను. వెచ్చగా ఉంది.

జూన్ 15

అమర్ మీద కేసు సంగతి మాట్లాడటానికి లాయరు దగ్గరికి రజినితో నేనూ వెళ్ళాను. ఆవిడ అంతా విని, "మీ భర్త ఒప్పుకున్నట్టు ఎవరైనా విన్నారా? రాతలో ఉంటే కేసుకి చాలా బలం," అంది. రజిని లేదని తల ఊపింది. నా వైపు చూడనైనా చూడలేదు. అడగకూడదని ముందే అనుకుని వచ్చినట్టుంది.

"నాకు కాగితం ఇవ్వండి," అన్నాను.

"అత్తయ్యా, వద్దు," అంది రజిని తెలుగులో. "తర్వాత మీరు ఆయన ముఖం ఎలా చూస్తారు?"

"చూడటం కష్టమే," అన్నాను.

ఆవిడ ఇచ్చిన వాంగ్మూలం పత్రంలో ఇంగ్లీషులోనే రాశాను. ల్యాబ్ రికార్డు రాయించినట్టు, చూసిందీ విన్నదీ మాత్రమే. మే ఇరవై తొమ్మిది, మధ్యాహ్నం. ట్రక్‌లో ఇద్దరమే. నేను అడిగిన ప్రశ్న. వాడు ఇచ్చిన జవాబు. ఇరవై ఐదు నిమిషాలు. ఎక్కడా విశేషణం వాడలేదు. రెండుసార్లు ఆగాను. ఒకసారి వాడి పుట్టిన తేదీ రాయాల్సి వచ్చినప్పుడు.

లాయరు చదువుకుంటూ వెళ్ళి చివరి గడి దగ్గర ఆగింది. "ఇక్కడ బంధుత్వం రాయలేదు. మీరు రజిని వాళ్ళ అమ్మగారు కదూ?"

"కాదు," అన్నాను. "అతని తల్లిని."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నేను ఆ గడి నింపి, కింద సంతకం చేశాను. పేరు పూర్తిగా రాశాను. రజిని లేచి గ్లాసులో నీళ్ళు పోసి తెచ్చి నా చేతికి ఇచ్చి, నేను తాగేదాకా పక్కనే నిలబడింది.